ఎండకాలంలో బర్రెలు, ఆవుల మేపు, పోషణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, జగిత్యాల, పెద్దపల్లి వైపు నాలుగు నుంచి పది పశువులతో ఇంటిమట్టుకు పాడి నడిపే రైతులు మార్చి నుంచి జూన్ దాకా ఎక్కువగా అడిగేవి ఇవి. పెద్ద డెయిరీ ఫారాల లెక్కలు వేరు, వాటి జోలికి పోలేదు. మందులు, ఇంజక్షన్ల సంగతి వచ్చిన చోట మోతాదు డాక్టరే చెప్పాలి.

ఎండకు ఎవరికి ఎక్కువ ఇబ్బంది, బర్రెకా ఆవుకా?

నేరుగా ఎండలో నిలబెడితే బర్రెకే. నల్ల తోలు వేడిని లాగుతుంది, చెమట గ్రంథులు తక్కువ, ఒంటి మీద వెంట్రుకలు పలచన. అందుకే అది నీళ్లు, బురద వెతుక్కుంటుంది. నీడ, తడి రెండూ దొరికితే మాత్రం బర్రె బాగానే తట్టుకుంటుంది. సంకర జాతి ఆవుల్లో హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) రక్తం ఎక్కువున్నవి నీడలో కూడా రొప్పుతాయి. జెర్సీ సంకరం కొంత నయం. కొత్తగా కొనేవాళ్లు రామగుండం, జగిత్యాల వైపు 45 డిగ్రీల ఎండలు గుర్తుపెట్టుకుని కొనాలి. చలికాలంలో 15 లీటర్లు ఇచ్చిన హెచ్‌ఎఫ్ మే నెలలో కూడా అంతే ఇస్తుందని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి.

పశువుకు వేడి ఎక్కువైందని ఎట్లా తెలుస్తుంది?

ఊపిరి లెక్కపెట్టండి. పశువు పక్కన నిలబడి డొక్క ఎన్నిసార్లు ఎగసి పడుతుందో అర నిమిషం చూసి, రెట్టింపు చేయండి. మామూలుగా నిమిషానికి 15 నుంచి 30. అది 60 దాటితే వేడి ఇబ్బంది మొదలైనట్టే, 80 దాటితే వెంటనే తడపాలి. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, జొల్లు కారుస్తుంటే అప్పటికే ఆలస్యమైంది. అంతకంటే ముందే కనిపించే గుర్తులు ఇంకొన్ని ఉంటాయి: నెమరు తగ్గడం, పడుకోకుండా నిలబడే ఉండడం, గోలెం దగ్గర గుంపు కట్టడం, దాణా తిని గడ్డి వదిలేయడం. పాలు తగ్గేది వీటి తర్వాత ఒకటి రెండు రోజులకు.

పొద్దున ఎన్ని గంటలకు తోలాలి, ఎప్పుడు మళ్లించాలి?

ఏప్రిల్, మే నెలల్లో తెల్లారి ఐదున్నర, ఆరుకు తోలి, తొమ్మిదిన్నరకల్లా నీడకు చేర్చాలి. మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత చీకటి పడేదాకా. పది నుంచి నాలుగున్నర వరకు బయట మేపడం దండగ. పశువు తినేదానికంటే నడకకు, రొప్పడానికి పోయే శక్తే ఎక్కువ. పాలిచ్చే పశువును రెండు కిలోమీటర్ల కంటే దూరం నడిపించకండి. వట్టిపోయినవి, పడ్డలు కొంచెం దూరం పోయినా ఫర్వాలేదు. కాపరి ఒక్కడే ఉంటే మందను రెండుగా విడగొట్టి, పాలిచ్చేవాటిని ఇంటి దగ్గరే కట్టి మేపడం మేలు.

చాలామంది పొద్దున పాలు పితికి, టీ తాగి, పాలు కేంద్రంలో పోసొచ్చి ఎనిమిదికి తోలుతారు. దాంతో మేసే సమయం గంటన్నరకు పడిపోతుంది. పాలు పోసే పని ఒకరు, తోలే పని ఒకరు పంచుకుంటే తప్ప ఎండకాలం మేపు కుదరదు.

యాసంగి వరి కోసిన మళ్లలో మేపొచ్చా?

మేపొచ్చు, కానీ మూడు సంగతులు చూడాలి.

మొదటిది, వడ్లు. హార్వెస్టర్ మలుపు తిరిగిన చోట, ట్రాక్టర్‌లోకి దించిన చోట వడ్లు రాలి ఉంటాయి. ఈ రోజుల్లోనే రోడ్ల మీద, కొనుగోలు కేంద్రాల దగ్గర కుప్పలుంటాయి. పలుపు తెంపుకున్న బర్రె రాత్రి కుప్ప మీద పడి అయిదారు కిలోలు తింటే పొట్టలో ఆమ్లం పెరిగి పన్నెండు గంటల్లో మేత మానేస్తుంది. ఎడమ డొక్క బిగుస్తుంది, పుల్లటి వాసనతో పలచగా పెండ వేస్తుంది, కాళ్లు తడబడతాయి. ఇది మామూలు అజీర్తి కాదు, ప్రాణం పోయే జబ్బు. వడ్లు తిన్నదని తెలిసిన నిమిషంలోనే, గుర్తులు కనబడకముందే డాక్టర్‌ను పిలవాలి. అప్పటిదాకా దాణా, కుడితి బంద్ చేసి వట్టి గడ్డి మాత్రమే వేయండి. మక్కల కుప్పలతోనూ ఇదే ప్రమాదం.

రెండోది, మందు. కోతకు ముందు పురుగుమందు ఎప్పుడు కొట్టారో పొలం ఆసామిని అడగండి. పత్తి ఏరిన చేలల్లో ఇంకా జాగ్రత్త. మిగిలిన పచ్చాకు ఆశ చూపుతుంది, కానీ కొట్టిన మందులు ఎక్కువ. గట్ల మీద వదిలేసిన ఖాళీ మందు డబ్బాలను పశువులు నాకుతాయి. తోలేముందు గట్టు ఒకసారి తిరిగి చూడండి.

మూడోది, కాల్చిన మడి. కొయ్యకాళ్లు కాల్చిన మడిలో పైకి బూడిదే కనిపించినా కింద నిప్పు ఉంటుంది, గిట్టల మధ్య కాలుతుంది.

జొన్న కోసిన చేనులో పిలకలు పచ్చగా వచ్చాయి. మేపితే ఏమవుతుంది?

తోలకండి. ఏప్రిల్, మేలో ఒక వాన పడగానే జొన్న మోళ్ల నుంచి లేచే లేత పిలకల్లోనే నాము ఉంటుంది. అంటే పశువు నమిలినప్పుడు సైనైడ్ విడుదల చేసే పదార్థం. నీటి ఎద్దడికి వాడి, గిడసబారిన మొక్కల్లో ఇంకా ఎక్కువ. తిన్న పావుగంట నుంచి గంటలోపే రొప్పు, నోట నురగ, తూలడం, కింద పడి కొట్టుకోవడం వస్తాయి. రక్తం మామూలు కంటే ఎర్రగా మెరుస్తుంది. నాటు మందులు పోస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. డాక్టర్ రక్తనాళంలోకి ఇచ్చే విరుగుడు ఉంది, అది ఎంత త్వరగా పడితే అంత ఆశ.

పశుగ్రాసం కోసం వేసే బహుకోత జొన్నకూ ఇదే నియమం. మొదటి కోత 60 రోజుల తర్వాత, పూత దశలో కోసి వేయాలి. మోకాలెత్తు మొక్కను ఎంత కరువున్నా ముట్టొద్దు. బాగా ఎండిన సొప్పతో ఈ భయం లేదు.

ఇంకా ఏ మొక్కలకు దూరంగా ఉంచాలి?

ఎండకు పచ్చగా మిగిలేవన్నీ పశువు మామూలుగా ముట్టనివే, అందుకే ఆకలి మీద ముట్టుకుంటుంది. కాలువ గట్ల మీద రబ్బరు మొక్క, చేల గట్ల మీద ఆముదం, ములుగు, ఏటూరునాగారం అడవి అంచుల్లో లంటానా విషమే. వయ్యారిభామ తింటే పాలు చేదెక్కుతాయి, కేంద్రంలో తిరగ్గొడతారు. తుమ్మకాయలు కొద్దిగా అయితే మేతే, ఎక్కువైతే మలబద్ధకం. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు మించొద్దు.

చెరువులో దింపొచ్చా?

నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బర్రెకు అంతకంటే మంచి వైద్యం లేదు. మధ్యాహ్నం రెండు గంటలు చెరువులో ఉన్న బర్రె సాయంత్రం మేత తింటుంది, పాలూ నిలుపుకుంటుంది. చిక్కు మే నెలలో వస్తుంది. పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువుల సంగతి వేరు, ఊరి కుంటలు మడుగులుగా మిగులుతాయి. ఆ మడుగు అంచున తడి మీద మొలిచిన పచ్చగడ్డిలో కార్జపు జలగ పిల్లలు ఉంటాయి. అవి నత్తల ద్వారా వచ్చి గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన పశువు రెండు మూడు నెలలకు చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి. మడుగు అంచున మేపకండి, ఆ నీళ్లు తాగించకండి. ఇంటి దగ్గర కడుపునిండా తాపి తోలితే అక్కడ మూతి పెట్టదు. ఆకుపచ్చ నూనెలా తెట్టు కట్టిన నీళ్లలోకి అసలు దింపొద్దు.

రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

పాలిచ్చే బర్రెకు ఎండకాలంలో 80 నుంచి 100 లీటర్లు. ఇది తాగడానికే, కడగడానికి వేరు. పూటకు ఒకసారి బకెట్ చూపిస్తే ఇంత తాగదు. రోజంతా నోటికి అందేలా, నీడలో గోలెం ఉండాలి. సిమెంట్ గోలేన్ని వారానికి రెండుసార్లు ఖాళీ చేసి, నాచు గీకి, లోపల సున్నం పూయండి. కుడితి గోలెం వేరు, నీళ్ల గోలెం వేరుగా పెట్టండి. పులిసిన కుడితి పైన తేలుతుంటే పశువు వాసన చూసి తల తిప్పుకుంటుంది, మనం దాహం లేదనుకుంటాం.

ఒక పొరపాటు దాదాపు ప్రతి కొట్టంలో కనిపిస్తుంది. ఎండలో పడి ఉన్న నల్ల పైపులోని నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. మోటరు వేయగానే ఆ నీళ్లే ముందుగా పశువు వీపు మీద పడతాయి. పైపులో నిలిచిన నీళ్లు పోయి, బాయి చల్లదనం చేతికి తగిలేదాకా పక్కకు వదిలి, అప్పుడు పట్టండి. మిద్దె మీది నల్ల ట్యాంకుకు తడి గోనెసంచులు చుట్టండి, లేదా నీడకు దించండి.

ఎన్నిసార్లు తడపాలి? ఫాగర్లు (నీళ్లను పొగమంచులా చిమ్మేవి) పెట్టించమంటున్నారు, అవసరమా?

పదకొండు, ఒంటిగంట, మూడు గంటలకు, ఎండ బాగా ఉంటే ఐదుకు ఇంకోసారి. తల, మెడ, వీపు తడవాలి. తడిపినదానికంటే ఆ తడి ఆరడమే వేడిని తీసుకుపోతుంది, కాబట్టి గాలి ఆడాలి. నాలుగు వైపులా మూసిన కొట్టంలో ఫాగర్ పెడితే లోపల ఉక్క పెరిగి పశువు ఇంకా రొప్పుతుంది. పది పశువుల లోపు ఉన్నవాళ్లకు ఫాగర్ కంటే రెండు గట్టి ఫ్యాన్లు, ఒక పైపు మేలు. ఫ్యాన్ వైరు పశువు కొమ్ముకు, నోటికి అందని ఎత్తులో ఉండాలి. తడి నేల మీద కరెంటు తగిలి పోయే పశువులు ఎండకాలంలో తక్కువేం కాదు.

పాలు పితికే అరగంట ముందు తడపడం ఆపండి. ఒంటి మీది నీళ్లు పొదుగు మీదుగా చన్నుల చివరికి జారి పాలలో పడతాయి, పొదుగువాపు క్రిములను కూడా అక్కడికే చేరుస్తాయి.

రేకుల కొట్టం కాలిపోతోంది. తక్కువ ఖర్చులో ఏం చేయొచ్చు?

రేకు మీద అరడుగు మందాన వరిగడ్డి లేదా తాటికమ్మలు పరిచి తాడుతో బిగించండి. అది కుదరకపోతే రేకు పైభాగానికి తెల్ల సున్నం వేయండి. పడమటి వైపు గోనెపట్టాలు వేలాడదీసి పన్నెండు నుంచి నాలుగు దాకా తడుపుతుండాలి, మిగిలిన వైపులు తెరిచే ఉంచాలి. గడ్డి కప్పినప్పుడు నిప్పుకు జాగ్రత్త. దోమల పొగ కొట్టం బయట, గాలివాలు చూసి పెట్టండి.

కొత్తగా కట్టేవాళ్లు పొడవు తూర్పు పడమరలుగా, పక్కల ఎత్తు 10 అడుగులకు తగ్గకుండా కట్టాలి. బర్రెకు కప్పు కింద 40 చదరపు అడుగులు, బయట దొడ్డిలో దానికి రెట్టింపు ఉండాలి. వేపచెట్టు నీడ ఉంటే పగలు కొట్టంలో కంటే దాని కిందే కట్టేయండి. గాలిదుమారం లేచి మబ్బు కమ్మితే మాత్రం చెట్టు కింద నుంచి వెంటనే విప్పాలి. ఏప్రిల్, మే నెలల పిడుగులు ఎక్కువగా అక్కడున్న పశువుల మీదే పడతాయి.

మేత ఎప్పుడు వేయాలి? ఎంత?

మేత కడుపులో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది, అది తిన్న మూడు నాలుగు గంటలకు బాగా పెరుగుతుంది. పదకొండు గంటలకు గడ్డి వేస్తే లోపలి వేడి, బయటి ఎండ రెండూ మధ్యాహ్నం రెండుకు కలుస్తాయి. అందుకే మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజామున ఐదు లోపల పడాలి. పగలు పచ్చిమేత కొంచెం, రాత్రి వట్టిమేత. ఇది మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఎండకాలం పాల కోసం కొనే చాలా టానిక్కుల కంటే దీనివల్లే ఎక్కువ లాభం కనిపిస్తుంది.

450 కిలోల బర్రెకు అందాజుగా పచ్చిమేత 20 నుంచి 25 కిలోలు, వరిగడ్డి లేదా సొప్ప 5 నుంచి 6 కిలోలు. ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో దాణా, దాని మీద ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. ఆవుకు రెండున్నర లీటర్లకు కిలో చాలు. రోజుకు ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 నుంచి 40 గ్రాములు. రొప్పే పశువు లాలాజలం పోగొట్టుకుంటుంది, కాబట్టి తినే సోడా 50 గ్రాములు దాణాలో కలపొచ్చు.

ఇంట్లో దాణా కలుపుకోవడం ఎట్లా?

100 కిలోలకు: బరకగా పట్టిన మక్కలు 35, తవుడు 25, పత్తి గింజల చెక్క 20, పల్లి చెక్క 12, కంది లేదా పెసర పొట్టు 5, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మక్కలను పిండిలాగా పట్టించొద్దు, గొంతుకు, ముక్కుకు అడ్డం పడుతుంది. పల్లి చెక్కను విరిచి చూసి, లోపల బూజు, ముక్క వాసన ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ఆ బూజు విషం పాలలోకి కూడా దిగుతుంది. ఎండకాలంలో పదిహేను రోజులకు మించి కలిపి పెట్టుకోకండి, తవుడులోని నూనె ముక్కిపోతుంది.

పచ్చిమేత లేదు, వరిగడ్డి ఒక్కటే ఉంది. పాలు నిలుస్తాయా?

వట్టి వరిగడ్డి మీద నిలవవు. యూరియాతో మాగబెడితే కొంత నిలుస్తాయి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు లెక్క. ఎత్తయిన గట్టి నేల మీద టార్పాలిన్ పరిచి, 20 కిలోల గడ్డి పొర వేసి, దాని మీద పది లీటర్ల యూరియా నీళ్లు పూలకుండీల క్యానుతో సమంగా చల్లి, బాగా తొక్కండి. ఇట్లా ఐదు పొరలు. పైన పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి, గాలి దూరకుండా 21 రోజులు ఉంచండి. సరిగ్గా మాగితే గడ్డి గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది, విప్పగానే ఘాటు వాసన కొడుతుంది. వేసేముందు ఆరోజుకు కావలసినంత తీసి గంటసేపు ఆరబెట్టాలి. మొదటి వారం రోజుకు కిలో, రెండు కిలోలతో అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు.

తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ బలమని యూరియాను చేతి లెక్కన వేయడం ఒకటి, కలిపిన బకెట్టును పశువుకు అందే చోట వదిలేయడం ఇంకొకటి. దాహంతో ఉన్న బర్రె ఆ నీళ్లు తాగితే గంటలోపే పోతుంది.

గడ్డి నిల్వ లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు 6 కిలోల చొప్పున 120 రోజులకు ఒక్క పశువుకు 720 కిలోలు కావాలి. బేలర్ కట్టలు కొనేటప్పుడు కట్టల సంఖ్య కాకుండా తూకం చూడండి. వానకు తడిసి నల్లబడ్డ కట్టలు వద్దు.

సూపర్ నేపియర్ (కోసినకొద్దీ చిగురించే పశుగ్రాసం) ఎన్ని గుంటలు వేయాలి?

నీళ్లున్న నేలలో పశువుకు 4 నుంచి 5 గుంటలు. రెండు కణుపుల ముక్కలను మూడడుగుల సాళ్లలో రెండడుగులకొకటి నాటండి. మొదటి కోత 70 రోజులకు, తర్వాత ప్రతి 45 రోజులకు. ముదరనిస్తే కాడ కర్రవుతుంది, పశువు ఆకు తిని కాడ వదిలేస్తుంది. ఎండల్లో ఐదారు రోజులకొక తడి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు ఆగాక బోరు ఒక్కటే దిక్కయ్యే చోట ఉన్నదంతా వేయకండి. నీళ్లందేంత వేసి, మిగిలినచోట అలసంద, దశరథ గడ్డి పెట్టండి. యూరియా చల్లిన మూడు వారాల దాకా కోయొద్దు. ముఖ్యంగా వాడిన మేతలో నైట్రేట్ పేరుకుని ఉంటుంది. చాఫ్ కట్టర్‌తో అంగుళం ముక్కలు చేస్తే వృథా బాగా తగ్గుతుంది.

వడదెబ్బ తగిలి పడిపోయింది. డాక్టర్ వచ్చేలోగా?

నీడకు చేర్చండి, లేదా దాని మీదే నీడ కట్టండి. తల, మెడ, పొట్ట మీద ఆగకుండా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. తలమీద తడి గోనెపట్టా వేసి మార్చుతుండండి. పక్కకు పడిపోతే రొమ్ము మీద కూర్చోబెట్టి, గడ్డి మూటలు ఆనించండి. జ్వరం చూసే థర్మామీటర్ ఇంట్లో ఉంచుకోవాలి. మామూలు వేడి 101, 102 ఫారెన్‌హీట్. 106 దాటితే ప్రాణాపాయం. 103కి దిగాక నీళ్లు పోయడం ఆపండి. స్పృహ సరిగా లేని పశువు నోట్లో నీళ్లు, మజ్జిగ గొట్టంతో పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తనంతట తాగితేనే తాపాలి. సంచార పశు వైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయండి.

బర్రె ఎదకు రావడం లేదు. ఎండల్లో కట్టించడం కుదరదా?

వస్తుంది, మనకు కనబడదు. ఎండకాలంలో బర్రెది మూగ ఎద. అరుపు ఉండదు, గుర్తులు రాత్రి, తెల్లవారుజామున కొన్ని గంటలే. రాత్రి పదికి, తెల్లారి నాలుగున్నరకు టార్చి వేసి వెనక భాగం, పడుకున్న చోటు చూడండి. గుడ్డులోని తెల్లసొనలాంటి తీగ కనబడితే అదే. పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మరునాడు పొద్దున చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. తేదీ గోడ మీద రాసి, 21వ రోజు చుట్టూ మళ్లీ గమనించండి.

కేంద్రంలో వెన్న శాతం పడుతోంది, పాలు విరుగుతున్నాయి.

వెన్న తగ్గడానికి ముఖ్య కారణం వట్టిమేత తగ్గడం. ఎండకు పశువు గడ్డి వదిలేస్తే మనం జాలిపడి దాణా పెంచుతాం, వెన్న ఇంకా పడుతుంది. గడ్డిని రాత్రికి మార్చండి, చివరి ధారల దాకా పితకండి, వెన్న ఎక్కువుండేది అందులోనే. విరగకుండా ఉండాలంటే ప్లాస్టిక్ డబ్బాలు మాని స్టీలు క్యాన్ వాడండి, తడి గోనె చుట్టండి, పితికిన గంటలో కేంద్రానికి చేర్చండి. పొద్దుటి పాలలో రాత్రి పాలు కలపొద్దు.

దూడలకు?

ఈనిన గంటలోపు జున్నుపాలు. తర్వాత రోజుకు బరువులో పదో వంతు పాలు. రెండో వారం నుంచి శుభ్రమైన నీళ్లు ఎదురుగా ఉంచండి. బర్రె దూడలకు పది, పదిహేను రోజుల వయసులో ఏలికపాముల మందు తప్పనిసరి. తల్లితో పాటు ఎండలోకి తోలొద్దు.

వానలకు ముందు ఏ టీకాలు, మందులు?

గొంతువాపు, జబ్బవాపు టీకాలు మే నెలాఖరు, జూన్ మొదటి వారంలోపు పడాలి. రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, వాన పడ్డాక వేయిస్తే అక్కరకు రాదు. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వం వేసేది, అది వేరే. అన్నీ తెల్లవారుజామున చల్లదనంలో వేయించండి. చెరువు కింద మేసిన పశువులకు పెండ పరీక్ష చేయించి జలగ మందు తాపండి. చూడి పశువుల సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, కొన్ని నట్టల మందులు తొలి నెలల చూడికి పనికిరావు.

పిడుదులు ఎండకాలంలోనే విపరీతం. మందు పశువు మీద కొట్టి ఊరుకుంటే పది రోజుల్లో మళ్లీ ఎక్కుతాయి, ఎందుకంటే గుడ్లు గోడ పగుళ్లలో ఉంటాయి. గోడలు, గుంజల మొదళ్లు, గాడిపాయ కింద కూడా కొట్టి పగుళ్లు సున్నంతో పూడ్చండి. సంకర జాతి ఆవుకు జ్వరంతో పాటు మెడ దగ్గర బిళ్లలు వాచినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా పిడుదుల జ్వరమని అనుమానించి ఆరోజే చూపించాలి.

మృగశిర వాన పడింది, గడ్డి మొలిచింది. ఇక వదిలేయొచ్చా?

వారం, పది రోజులు ఆగండి. లేత గడ్డిలో నీళ్లే ఎక్కువ, పీచు తక్కువ. రెండు నెలలు వట్టిగడ్డి తిన్న పశువు దాని మీద పడితే పారుడు పట్టుకుంటుంది, కొన్నిటికి పొట్ట ఉబ్బుతుంది. తోలేముందు రెండు కిలోల వరిగడ్డి వేసి, మొదటి రోజు గంట, మూడో రోజుకు రెండు గంటలు, అట్లా పెంచండి. దాణా, ఖనిజ లవణ మిశ్రమం అప్పుడే ఆపకండి.